మా వదిన మడతల బల్ల

మా వదినకి మొహమాటం తక్కువ. నేను ఆసుపత్రి లాండ్రీలో మెకానిక్‌గా చేరిన మొదటి రోజునే అందరి ముందూ, "ఇతను మా మరిది. మిషన్లు బాగుచేస్తాడట. మా ఇంట్లో కుళాయి కారుతోందని చెప్పి ఆరు నెలలైంది," అని పరిచయం చేసింది. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే కాబట్టి నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఊరుకుంటూనే ఉన్నాను. ఇవాళ మాత్రం ఆవిడ గురించి నాలుగు ముక్కలు చెప్పాలనిపిస్తోంది. ఆవిడ ఇది చదవదు. ఎవరైనా చదివి వినిపించినా, "వాడికేం పనిలేదా?" అంటుంది.

ఆసుపత్రి అనగానే అందరికీ డాక్టర్లూ నర్సులూ గుర్తొస్తారు. రోగి పడుకున్న దుప్పటి ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగరు. అది మా దగ్గర్నించి వస్తుంది. భవనం అడుగున, మెట్లు దిగితే మా లోకం. మొదటి గదిలోకి పైనుంచి మాసిన బట్టలు గొట్టంలోంచి దబ్బుమని పడుతుంటాయి. రెండో గదిలో ఉతికే మిషన్లు, ఆరబెట్టే మిషన్లు. అది నా రాజ్యం. మాటలు వినపడవు, చొక్కా వంటికి అంటుకుపోతుంది. మూడో గది మడతల గది. నిలువెత్తు కిటికీలు కాదుగానీ, పైకప్పు దగ్గర రోడ్డు మీద నడిచేవాళ్ళ కాళ్ళు కనిపించేటంత వెంటిలేటర్లు ఉన్నాయి. మధ్యలో పన్నెండు అడుగుల రేకు బల్ల. ఆ బల్ల మా వదినది.

అసలు ఆవిడ ఈ పనికి దరఖాస్తు పెట్టుకుని రాలేదు. మా అన్నయ్య బస్సు డ్రైవరు. ఓసారి కాలు విరిగి ఇదే ఆసుపత్రిలో నెలన్నర పడుకున్నాడు. వదిన మంచం పక్కన కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం ఆవిడ జాతకంలో లేదు. వార్డు బీరువాలో కుక్కిన దుప్పట్లన్నీ తీసి మళ్ళీ మడతపెట్టింది. మర్నాడు పక్క వార్డు నర్సు వచ్చి, "అమ్మా, మా బీరువా కూడా కాస్త చూస్తావా?" అంది. అన్నయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చాడు, వదిన ఉద్యోగంతో వచ్చింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. ఇంట్లో కూడా అంతే. తువ్వాలు, పాత పేపరు, ప్లాస్టిక్ సంచి, ఏది చేతికి దొరికినా మడతే. ఆ ఇంట్లో ఆవిడ ఇంకా మడతపెట్టనిది మా అన్నయ్య ఒక్కణ్ణే.

ఆసుపత్రిలో ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. పెద్ద డాక్టరు నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ మడతలమ్మే.

మడత అంటే తేలిగ్గా తీసుకోకండి. వార్డు దుప్పటి ఎవరైనా మడతపెడతారు, నేను కూడా. ఆపరేషన్ థియేటర్ గుడ్డ వేరు. రోగి మీద కప్పే పెద్ద పచ్చ గుడ్డ అది. దాన్ని విసనకర్రలా పొరలు పొరలుగా మడిచి, చివర ఎడమ పక్క పైమూలని జానెడు బయటికి తిప్పి వదలాలి. ఆ మూలని చెవి అంటాం. తర్వాత గుడ్డలో చుట్టి కట్టకట్టి ఆవిరి పెట్టెలో పెడితే క్రిములన్నీ చస్తాయి. పైన థియేటర్లో నర్సు చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, కట్ట విప్పి ఆ చెవి ఒక్కటే పట్టుకుని లేపుతుంది. గుడ్డ దానంతటదే జలజలా విచ్చుకుని రోగి మీద పరుచుకుంటుంది. లోపలి వైపుని ఏదీ తాకదు. నర్సు చెవి ఎక్కడుందని చూడదు. ఆమె కళ్ళు రోగి మీద ఉంటాయి, చెయ్యి ఎడమ మూలకి వెళ్ళిపోతుంది. అక్కడ చెవి లేకపోతే గుడ్డ అడ్డంగా తిరగబడి నర్సు గౌనుకో బల్ల కాలికో తగులుతుంది. తగిలిందంటే ఇక అది పనికిరాదు. రోగి మత్తులో ఉంటాడు, అందరూ చేతులు పైకెత్తుకుని ఇంకో కట్ట కోసం నిలబడాలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆ బల్ల మీంచి వెళ్ళిన థియేటర్ గుడ్డ ఒక్కటి కూడా మడత తప్పిందని తిరిగి రాలేదు. ఇరవయ్యో ఏడు ఆసుపత్రివాళ్ళు ఆ సంగతే ఒక కాగితం మీద రాసి, ఫ్రేము కట్టించి మడతల గదిలో తగిలించారు. వదిన పైకి ఏమీ అనలేదుగానీ, వారానికోసారి ఆ అద్దం తుడవడం నేను చూశాను.

నేను చేరినప్పుడు ఆ బల్ల చుట్టూ పన్నెండు మంది ఉండేవాళ్ళు. కొందరు రిటైరయ్యారు, కొందరు మోకాళ్ళు అరిగి మానేశారు. కొత్తవాళ్ళు రారు. ప్రకటన మీద ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళు మెట్లు దిగి, ఆవిరి మొహానికి కొట్టగానే, "ఇంట్లో అడిగి చెప్తాం" అని మెట్లెక్కేవాళ్ళు. ఒకతను మాత్రం ధైర్యం చేసి పొద్దున్నే చేరాడు. మధ్యాహ్నం భోజనానికని వెళ్ళి ఇప్పటిదాకా రాలేదు. పాపం, ఏం తింటున్నాడో! వదిన కూతురు సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. ఓసారి అమ్మ అడిగితే, "ఆ ఆవిరిలో నేను ఉడకలేనమ్మా" అంది. వదిన ఏమీ అనుకోలేదు. "నిజమేగా, అది పుట్టిందే ఏసీలో," అని నాతో అని నవ్వింది. చివరికి ముగ్గురు మిగిలారు. థియేటర్లు మూడు నుంచి ఏడయ్యాయి. వదిన భోజనం నిలబడే తినేది.

అప్పుడు మా సూపరింటెండెంటుగారు ఒకేసారి రెండు పనులు చేశారు. ఒకటి, మడతల మిషను కొన్నారు. రెండు, ఒక ఏజెన్సీ ద్వారా సముద్రం అవతలి దేశం నుంచి నలుగురు ఆడవాళ్ళని రప్పించారు.

మిషను వచ్చిన రోజు నేను కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాను. గంటకి ఎనిమిది వందల దుప్పట్లు! ఇటునుంచి తడి ఆరిన గుడ్డ పెడితే అటునుంచి నాలుగు మడతలై పెట్టెలో పడుతుంది. "చూశావా వదినా, ఇక నీ బల్ల మ్యూజియంలో పెట్టాల్సిందే," అన్నాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఒక దుప్పటి తీసి అంచులు చూసి, "మంచి మడత. ఇది ఇరవై ఏళ్ళ కిందటే వచ్చుంటే ఆ మోకాళ్ళు అరిగినవాళ్ళు ఇంకో పదేళ్ళు చేసేవాళ్ళు," అంది. నా గాలి తీసేసింది. తర్వాత ఒక థియేటర్ గుడ్డ తెచ్చి, "దీనికి చెవి పెట్టించు," అంది. నేను మూడు రోజులు మీటలన్నీ నొక్కాను. మిషను ఆ గుడ్డని రెండుసార్లు నమిలి, మూడోసారి మింగేసింది. నాలుగో రోజు పళ్ళచక్రంలోంచి ఆ పీలికలు లాగుతుంటే వదిన వచ్చి, "ఆకలేసిందేమోలే," అంది.

కాబట్టి లెక్క ఇలా తేలింది. వార్డు బట్టలు మిషను మింగాలి, థియేటర్ బట్టలు మనుషులు మడవాలి. ఆ మనుషులు రావాల్సింది బయటి దేశం నుంచి.

దీని మీద వీధిలో పెద్ద గోల. టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి రోజూ వదిన వినేటట్టు, "మన పనులన్నీ బయటివాళ్ళు లాక్కుపోతున్నారు," అనేవాడు. ఓ రోజు వదిన టీ గ్లాసు కింద పెట్టి, "అన్నయ్యగారూ, రేపు పొద్దున్న ఏడింటికి రండి. మీ కోసం బల్ల దగ్గర చోటు ఖాళీగా ఉంచుతాను. ఎవరూ లాక్కోకుండా నేను చూసుకుంటాను," అంది. ఆయన టీ వేడిగా ఉందన్నట్టు ఊదుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు ఏడింటికి రాలేదు. టీకొట్టు మార్చాడు.

వచ్చిన నలుగురిలో ముగ్గురు మిషను దగ్గర కుదురుకున్నారు. నాలుగో ఆవిడ బాగా పొడుగు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మాకు ఆమె పేరు పలకడం చేతకాక పొడుగమ్మ అనేవాళ్ళం. ఆమె మమ్మల్ని ఏమనేదో దేవుడికే ఎరుక. బట్టల అలమర తలుపు లోపల ఇద్దరు ఆడపిల్లల ఫోటో అంటించుకుంది. పొద్దున చెప్పులు విప్పేటప్పుడు ఒకసారి, సాయంత్రం వేసుకునేటప్పుడు ఒకసారి ఆ ఫోటోని వేలితో తాకేది. వదిన ఆమె చేతులు ఒక్క రోజు చూసి, "ఈమె నాకు కావాలి," అంది.

భాష లేదు. మొదట్లో ఫోనులో మాటలు మార్చే ఏర్పాటు వాడారు. ఆ ఫోను వార్తలు చదివినట్టు ఏదో చదివేది, నా మిషన్ల హోరులో ఎవరికీ వినపడేది కాదు. రెండో రోజే వదిన ఫోను పక్కన పెట్టించింది. "కళ్ళున్నాయి, చేతులున్నాయి. చాలు," అంది. ఆరు వారాలు పొడుగమ్మ చేత తువ్వాళ్ళు, గౌన్లు మడిపించింది. తర్వాత పది రోజులు బల్లకి అటు పొడుగమ్మని నిలబెట్టి, ఇటు తను నిలబడి థియేటర్ మడత నేర్పింది. వదిన ఒక పొర వేసేది, ఎదురుగా ఆమె ఒక పొర వేసేది. వదిన అర చెయ్యి తిప్పితే ఆమె అర చెయ్యి తిప్పేది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదంటే, నేను పని మానుకుని గుమ్మంలో నిలబడి తిట్లు తిన్న రోజులున్నాయి. పదకొండో రోజు సోమవారం పొడుగమ్మ ఒక్కతే పన్నెండు గుడ్డలు మడిచి కట్టలు కట్టింది. వదిన ప్రతి మడతా చూసి తల ఊపింది.

మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి పైనుంచి ఫోను వచ్చింది.

మూడు థియేటర్లలో మూడు కట్టలు విప్పారు. మూడూ తిరగబడ్డాయి. ఒకచోట రోగి మత్తులో అరగంట ఆగాల్సి వచ్చింది. ఆయనకి ఏమీ కాలేదు, ఆపరేషను బాగానే జరిగింది. కానీ పెద్ద డాక్టరు నిప్పు తొక్కిన కోతిలా ఎగిరారట. ఆ కోపం సూపరింటెండెంటుగారి మీద పడింది, ఆయన కోపం మెట్లు దిగి మా దగ్గరికి వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఆ మనిషిని బల్ల దగ్గరికి రానివ్వకండి. రేపు ఏజెన్సీకి ఉత్తరం రాస్తాను, వెనక్కి పంపేస్తారు. ఇంకొకరిని పంపమంటాను," అన్నారు.

వాళ్ళ ఒప్పందం అలాంటిది. ఒకచోట వద్దన్నారంటే ఇంకోచోట పని ఉండదు, నేరుగా విమానమే. పొడుగమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వేలు తన వైపు చూపించడం అర్థమైంది. ఆమె చేతిలో ఉన్న గుడ్డని నెమ్మదిగా బల్ల మీద పెట్టి, మిషను గదిలోకి వెళ్ళిపోయింది. అలమర వైపు చూడలేదు.

వదిన పైనుంచి వెనక్కి వచ్చిన తొమ్మిది కట్టలూ బల్ల మీద పేర్చి ఒక్కొక్కటీ విప్పింది. తొమ్మిదింటికీ చెవి కుడి పక్క ఉంది. పొరలు అద్భుతంగా ఉన్నాయి, జానెడంటే జానెడే తిప్పి ఉంది, అన్నీ ఒకే కొలత. కానీ అన్నీ కుడివైపే.

"ఎడమా కుడీ తెలీని మనిషేం కాదే," అంది తనలో తాను. తన చోట నిలబడి ఒక గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. పొడుగమ్మ మడిచినదొకటి తీసి, ఎదుటివైపు ఆమె ఎలా పెట్టేదో అలా పెట్టింది. రెండు చెవులూ ఒకే దిక్కున, వెంటిలేటర్ వైపు ఉన్నాయి. ఆవిడ వాటిని మార్చి మార్చి చూసింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ పక్క నిలబడగా నేను చూడలేదు.

అక్కణ్ణించి నా వైపు చూసి, "పప్పులో కాలేశాను మరిదీ," అంది.

"ఏమైంది?"

"తను తప్పు మడవలేదయ్యా. నేను చూపించినట్టే మడిచింది. నా ఎడమ చెయ్యి ఎటుంటే, ఎదురుగా ఉన్న మనిషికి అటు కుడి చెయ్యి. మనవాళ్ళకి నేర్పినన్నాళ్ళూ 'ఎడమ, ఎడమ' అని నోటితో అనేదాన్ని. చూసి కాదు, విని సర్దుకునేవాళ్ళు. ఈమెకి నోటిమాట లేదు. నా చేతుల్నే నమ్మింది."

"మరి నువ్వు అన్నీ చూసే పంపావుగా?"

"నువ్వున్న వైపు నిలబడే చూశాను. అటునుంచి చూస్తే సరిగ్గానే ఉంది, చూడు."

చూశాను. నిజమే. ఇటునుంచి చూస్తే ఎంత పెద్ద డాక్టరైనా మోసపోవాల్సిందే.

ఇక్కడ నేను నా బుద్ధి గురించి కూడా చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. వదినకి రిటైర్మెంటు ఇంకో పద్నాలుగు నెలలుంది. "వదినా, పోనీలే. ఎవరికీ తెలీదుగా. ఇంకో మనిషి వస్తుంది, ఈసారి పక్కన నిలబెట్టుకుని నేర్పు. లేకపోతే ఆ ఫ్రేములో రాసిందంతా ఏమవుతుంది?" అన్నాను.

ఆవిడ నన్ను కొడుతుందేమో అనిపించింది. కానీ మెల్లగానే, "ఫ్రేముకి పిల్లలు లేరుగా. ఆమెకి ఇద్దరు," అంది. కుర్చీ వేసుకుని ఎక్కి ఆ ఫ్రేము దింపి, బీరువా వెనక పెట్టింది. అప్పటికి ఎవరూ దింపమని అడగలేదు. నేను తల దించుకున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. "తప్పు నాదండి," అంది. ఆయన నమ్మలేదు. మంచి మనిషే, అందుకే నమ్మలేదు. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో మీ చేతిలో ఒక్క తప్పు లేదు. మీ జాలి నాకు తెలుసు. మనిషిని పంపిన ఏజెన్సీవాళ్ళకే ఆమె సంగతి పట్టదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నారు. వదిన ఎడమ, కుడి, ఎదురు అని చెప్పబోయింది. మాటల్లో చెబితే అది కోడిగుడ్డుకి ఈకలు పీకినట్టే ఉంది, నాకే సరిగ్గా అర్థం కాలేదు.

"సరేనండి. రేపు పొద్దున్న పది నిమిషాలు కిందికి రండి. ఆ తర్వాత ఉత్తరం రాయండి," అంది వదిన.

బుధవారం ఎనిమిదింటికి ఆయన వచ్చారు. వదిన పిలిస్తే థియేటర్ పెద్ద నర్సు కూడా వచ్చింది. మొదటి కట్ట తిరగబడింది ఆమె చేతిలోనే. మొహం గంటుపెట్టుకుని ఉంది. వదిన వాళ్ళిద్దరినీ, పనిలో పనిగా నన్నూ బల్లకి అటువైపు వరసగా నిలబెట్టింది. ముగ్గురి ముందూ మూడు పచ్చ గుడ్డలు.

"ఎవరూ మాట్లాడకండి. నేనూ మాట్లాడను. నేను ఏం చేస్తే మీరూ అది చెయ్యండి. మా పొడుగమ్మ నేర్చుకున్నది ఇలాగే," అంది.

మొదలుపెట్టింది. నిజం చెప్పొద్దూ, అంత దగ్గర్నించి ఆవిడ చేతులు నేనూ ఎప్పుడూ చూడలేదు. గుడ్డని లాగదు, అదిలించదు. అరచేత్తో ఒక్కసారి నిమిరితే పొర చెప్పినట్టు వింటుంది. సూపరింటెండెంటుగారు కోటు విప్పి మేకుకి తగిలించి, చెమటలు కక్కుతూ పొరలు వేశారు. రెండుసార్లు గుడ్డ జారింది. "ఈ బల్ల మరీ ఎత్తుగా ఉంది," అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! వదిన పెదాల మీద వేలు పెట్టి చూపించింది. పెద్ద డాక్టరు తప్ప ఇంకెవరూ నోరు మూయించలేని మనిషి గప్‌చుప్‌గా ఊరుకున్నారు. చివరికి వదిన మూల తిప్పి చెవి పెట్టింది. మేం ముగ్గురం కూడా పెట్టాం.

"ఇప్పుడు మాట్లాడచ్చు. సిస్టరమ్మా, మీ ముందున్నది థియేటర్లో విప్పినట్టు విప్పండి," అంది వదిన.

పెద్ద నర్సు తన గుడ్డని చూసుకోలేదు. వదిననే చూస్తూ, రోజూ చేసినట్టే చెయ్యి ఎడమ మూలకి పోనిచ్చింది. అక్కడ చెవి లేదు. ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. కిందికి చూసి, తర్వాత నా గుడ్డ చూసి, సూపరింటెండెంటుగారి గుడ్డ చూసి, "అయ్యో రామా," అంది. మూడు చెవులూ కుడి పక్కే ఉన్నాయి. ముందురోజు అంతా విన్న నేను కూడా, తెలిసి తెలిసి, కుడి పక్కే పెట్టాను!

"మీరు చదువుకున్నవాళ్ళు. మా మరిదికి నిన్ననే చెప్పాను కూడా," అంది వదిన. "ముగ్గురూ నేను చూపించినట్టే చేశారు. ఆమె కూడా అంతే చేసింది. పది రోజులు ఎదురుగా నిలబెట్టి తప్పు నేర్పింది నేను. చూసి పంపింది నేను. ఆ రోగికి ఏమైనా అయ్యుంటే నా చేతుల మీద అయ్యేది. ఎవరినైనా పంపాలంటే నన్ను పంపండి. ఉత్తరంలో నా పేరు రాయండి."

సూపరింటెండెంటుగారు తన ముందున్న గుడ్డనే చూస్తూ, చెవిని వేళ్ళతో పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, చివరికి, "ఉత్తరం రాయనమ్మా. ఎవరి గురించీ రాయను," అన్నారు. పెద్ద నర్సు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మెకానిక్‌ని కాబట్టి నా కంట్లో ఏదో నలుసు పడింది.

అప్పుడే గమనించాను, పొడుగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నించి ఉందో తెలీదు. ఈ మాటల్లో ఒక్కటీ ఆమెకి అర్థమై ఉండదు. ఆమె నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చి, వరసగా ఉన్న మా మూడు గుడ్డలూ చూసింది. తన తొమ్మిది గుడ్డలు పక్కన పేర్చి ఉన్నాయి, వాటినీ చూసింది. తర్వాత వదిన ముందున్న గుడ్డ చూసింది. ఒక్క క్షణం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మేం మాటల్తో చెప్పలేనిది ఆమె తనంతట తనే కనుక్కుంది. బల్ల చుట్టూ తిరిగి వదిన పక్కకి వెళ్ళి, భుజానికి భుజం ఆనించి నిలబడి, ఒక కొత్త గుడ్డ పరిచింది. పొరలు వేసింది. మూల తిప్పింది. ఎడమ పక్క, జానెడు, అణువంత తేడా లేదు. వదిన ఆమె మొహం రెండు చేతులతో పట్టుకుంది. పొడుగు మనిషి కదా, అందుకోవడానికి మునివేళ్ళ మీద లేవాల్సొచ్చింది.

ఇంతలో పైనుంచి ఫోను. మధ్యాహ్నానికి నలభై గుడ్డలు కావాలి, థియేటర్ అలమరలో పదకొండే ఉన్నాయి. మిగతా ఇద్దరు మడతలవాళ్ళలో ఒకరికి జ్వరం, ఒకరు సెలవు. ఆవిరి పెట్టెలో తిరగాల్సిన టైము తీసేస్తే, మడవడానికి ఉన్నది రెండు గంటలు. మిషను అవతల గంటకి ఎనిమిది వందల దుప్పట్లు టపటపా మడుస్తూనే ఉంది, దానికేం పట్టలేదు. వదిన, పొడుగమ్మ ఇద్దరూ చేతులు కదిలించడం మొదలుపెట్టారు. నేనూ వదిన వైపుకి వచ్చి గుడ్డలు అందిస్తున్నాను. పెద్ద నర్సు పైకి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు, ఇటువైపు వచ్చి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కట్టలు కట్టడం మొదలుపెట్టింది.

సూపరింటెండెంటుగారు ఒక్కరే అటువైపు మిగిలారు. కోటు తీసుకుని వెళ్ళిపోతారనుకున్నాను. పొడుగమ్మ తల ఎత్తి ఆయన్ని చూసింది. బల్ల చుట్టూ వెళ్ళి, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, ఇటు తీసుకొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది. ఆయన ముందు ఒక గుడ్డ పరిచింది. ఆయన నోరెత్తకుండా పొరలు వేశారు. ఆమె చూసి, విప్పేసింది. మళ్ళీ వేశారు. మళ్ళీ విప్పేసింది. మూడోసారి ఒకే ఒక పొర సరిచేసి, తక్కినది ఆయనకే వదిలేసింది. ఆయన మూల తిప్పి, చెవి పెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని, ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

ఆమె ఆ గుడ్డని ఎత్తి వెలుగులో పట్టుకుని నాలుగు అంచులూ చూసింది. విప్పలేదు. తీసుకెళ్ళి థియేటర్‌కి వెళ్ళే గుడ్డల్లో పెట్టింది.